చెల్లె దాచమన్న స్కానర్

ఎవరికీ చూపించొద్దని మా చెల్లె చెప్పిన కాగితాన్ని, ఆమె బిడ్డ చీరకట్టు ఫంక్షన్ రోజున, రెండు వందల మంది ముందర, కట్నాల బల్ల మీద నిలబెట్టాను. పొరపాటున కాదు. కళ్ళద్దాలు పెట్టుకుని, కర్చీఫుతో దుమ్ము తుడిచి మరీ నిలబెట్టాను. ఇది ముందు ఒప్పుకుంటే గాని మిగతాది రాయడానికి నాకు చేయి ఆడదు.

నాది ఆత్మకూరు బస్టాండ్ దగ్గర చిన్న జిరాక్సు షాపు. లామినేషన్ కూడా చేస్తాను. ఈ ఐదారేళ్ళలో నా షాపు నుంచి బయటికి పోయిన సరుకులో సగం స్కానర్లే. ఫోనుతో డబ్బులు పంపడానికి అంగళ్ళలో పెట్టే నల్లచుక్కల చతురస్రాన్ని మా దగ్గర అందరూ స్కానర్ అనే అంటారు. మిర్చి బజ్జీల బండికి నేనే చేసిచ్చాను. పూలమ్మే ఆమెకు, మంగలి షాపుకు, చర్చిలో కానుకల పెట్టె పక్కన పెట్టేదానికి, ఆంజనేయుడి గుడి హుండీ పక్కన పెట్టేదానికి కూడా నేనే. దేవుళ్ళిద్దరి దగ్గరా ఒకటే రేటు తీసుకున్నాను. అందువల్ల స్కానర్ల గురించి నాకు తెలియనిది ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని ఒక నమ్మకం పెరిగింది. దాన్ని నమ్మకం అంటున్నాను గాని, సరైన మాట పొగరు.

చెల్లెను గద్వాలలో ఇచ్చాం. బావ చీరలు నేస్తాడు. మగ్గం ఆయనది కాదు, సావుకారుది. సావుకారు షెడ్డులో, సావుకారు ఇచ్చిన పట్టునూలుతో నేసి కూలి తీసుకుంటాడు. చెల్లె ఇంట్లో పాత కంప్యూటరు ముందర కూర్చుని చీరల అంచులకు గళ్ళ మీద నమూనాలు గీస్తుంది. ఆ నమూనాలు చూసి విదేశంలో సంచులు కుట్టించే ఒకామె నెలకు రెండు మూడు కొనడం మొదలుపెట్టింది. ఆమె డబ్బులు క్రిప్టోలో పంపుతుంది. నాణెం అంటారు గాని చేతికి తగిలేది ఏమీ ఉండదు. డాలరు విలువకు సరిసమానంగా నడిచే రకం అట. ఏడాదిన్నరగా చెల్లె అందులోంచి ఒక్క రూపాయి తీయలేదు. సొంత మగ్గం కొనాలని దాస్తోంది.

దాస్తోంది అంటే నిజంగానే దాస్తోంది. సొంత మగ్గం కొనే ఆలోచన ఉందని తెలిస్తే సావుకారు ఆ మర్నాటి నుంచే నూలు ఆపేస్తాడు. ఆ షెడ్డులో ఇంకో జంటకు అట్లాగే చేశాడు. పాపం వాళ్ళు ఉన్న కూలి పోయి, కొత్త మగ్గం రాక, మూడు నెలలు మధ్యలో వేలాడారు. అందుకని మగ్గం ఇంట్లో దిగే రోజు దాకా ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదని చెల్లె, బావ అనుకున్నారు. ఆ మూడో మనిషిని నేనే అయ్యాను. ఎందుకంటే లామినేషన్ మిషన్ నా దగ్గర ఉంది.

ఫంక్షన్‌కు వారం ముందు చెల్లె ఫోన్ చేసింది.

"అన్నా, రెండు ఫోటోలు పంపిన. ఒకటి మా బ్యాంకుది, కట్నాల కాడ పెట్టనీకే. రెండోది నా క్రిప్టో అడ్రసుది. చిన్నగ ఒక్కటే తీసి లామినేషన్ చేసి నాకియ్యి. ఆమె అడిగినప్పుడల్ల యాప్ తెరిచే పని లేకుండ బీరువల పెట్టుకుంట. ఎవ్వలకు చూపియకు."

"స్కానర్‌ను ఏడన్న దాస్తరా చెల్లె? చూపియ్యనీకే గద స్కానర్ ఉండేది."

"నీకు తెల్వదు అన్నా. దాసు."

"సరే తీ."

నేను సరే అన్నాను. కానీ ఫోన్ పెట్టేసి మిషన్ వేడెక్కేలోపు నా మెదడు కూడా వేడెక్కింది. స్కానర్ నుంచి డబ్బులు లోపలికి వస్తాయి గాని బయటికి పోవు కదా. అది చూసి ఎవడు మాత్రం ఏం దొంగిలిస్తాడు? ఆడపిల్ల, భయం ఎక్కువ, అంతే. ఫంక్షన్లో ఒకటి పనిచేయకపోతే రెండోది అక్కరకు వస్తుంది. ఇట్లా ఆలోచించి రెంటినీ పెద్ద సైజులోనే తీశాను. చుట్టూ నెమలి బొమ్మల అంచు వేశాను. కింద 'మీ ఆశీస్సులే మాకు కొండంత అండ' అని రాశాను. ఆ నెమళ్ళ గురించి ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మా దగ్గర కట్నాల సంగతి కొత్తవాళ్ళకు చెప్పాలి. ఫంక్షన్లో ఎవరు ఏం పెట్టినా మైకులో చదవాలి. ఏ ఊరి ఎవరు, ఎంత కట్నం, లేదా స్టీలు బిందె, లేదా గోడ గడియారం, అంతా గట్టిగా వినిపించాలి. పెట్టినవాళ్ళు తమ పేరు చెవిన పడేదాకా బల్ల పక్కనే నిలబడి, పడ్డాక భోజనానికి పోతారు. పేరు మర్చిపోతే మాటలుండవు, రాకపోకలుండవు. డబ్బు విషయం గుట్టుగా ఉంచుకోవాలన్న ఆలోచన అక్కడి గాలిలోనే ఉండదు. నేను ఆ గాలి పీల్చి పెరిగినవాడిని. సాకు చెప్పడం లేదు. ఊరికే చెబుతున్నాను.

మైకు పట్టుకున్నది మా బావ తమ్ముడు, చెల్లెకు మరిది. గద్వాలలో మొబైల్ రిపేరు షాపు. గొంతు మంచిది, ఆగడం తెలియదు. పొద్దున్నుంచి బిందెలు, గడియారాలు చదువుతున్నాడు. మధ్యాహ్నానికి బ్యాంకు స్కానర్ మొరాయించింది. నెట్‌వర్క్ లేదో, సర్వర్ బిజీనో. జనం వరసగా రెండో స్కానర్ వైపు తిరిగారు. నేను మేనమామ హోదాలో పక్కనే కుర్చీలో కూర్చుని, 'నా ముందుచూపు చూశారా' అన్నట్టు మొహం పెట్టాను.

రాయచూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోన్ అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా పెట్టి చూశాడు. "ఇది బర్తా ఇల్లప్పా. పైసలు పోతలేవు."

మైకు మరిది వంగి చూశాడు. మైకు నోటి దగ్గరే ఉంది.

"జర ఆగుండ్రి, జర ఆగుండ్రి. ఇది బ్యాంకు స్కానర్ గాదు. బావా, ఇదేంది? క్రిప్టో అడ్రసు లెక్కుంది గదా!"

ఆ మాట రెండు స్పీకర్లలోంచి వచ్చి హాలంతా తిరిగింది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. అతను ఫోన్లో ఆ అడ్రసును ఏదో వెబ్‌సైటులో వేశాడు. ఎవరి క్రిప్టో అడ్రసు వేసినా అందులో ఎంత ఉంది, ఎప్పుడెప్పుడు ఎంత వచ్చింది, మొత్తం చూపించే వెబ్‌సైట్లు ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ సంగతి రెండు వందల మందితో కలిసి తెలుసుకున్నాను.

"స్కానర్ల పడ్డ కట్నం..." అని మొదలుపెట్టి అతను ఆగాడు. "అబ్బో. ఐదు వేల నాలుగు వందల డాలర్లు! రూపాయలల్ల చెప్పాలంటే... ఉండుండ్రి... నాలుగున్నర లక్షల పైన!"

బ్యాండువాళ్ళు అదేదో పెద్ద కట్నమనుకుని డోలు మీద ఒక దెబ్బ వేశారు. వంటవాడు గరిటెతో సహా బయటికి వచ్చాడు. రాయచూరు పెద్దాయన "నేను పంపలే, నాది పోలే" అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పుకుంటున్నాడు. "ఎవ్వలు పెట్టిండ్రు?" అని ఒక ముసలమ్మ కేకేసింది.

"ఎవ్వలు పెట్టిండ్రో పేరు లేదు పెద్దమ్మా. ఇయ్యాల పడ్డయి గావు ఇవి. నెలనెలా పడ్తున్నయి! ఏడాదిన్నర సంది! ఇగో, పోయిన నెల మూడు సార్లు..."

ముందు వరసలో సావుకారు కూర్చున్నాడు. కూల్‌డ్రింకు గొట్టం నోట్లోనే ఉంది, పీల్చడం ఆపేశాడు. ఆయన కళ్ళు మైకు నుంచి మా బావ మీదికి, బావ మీది నుంచి చెల్లె మీదికి మెల్లగా తిరుగుతున్నాయి. చెల్లె కుంకుమ పళ్ళెం పట్టుకుని బిడ్డ పక్కన నిలబడి ఉంది. నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. ఆ చూపులో తిట్టు లేదు. ఏడాదిన్నర పొద్దులు కంప్యూటరు ముందర వంగిన నడుము ఉంది.

నేను లేచి మైకు లాక్కున్నాను. "అవి నావి!" అన్నాను. మైకు కీచుమంది.

"నీవా?" అని మొదట అడిగింది నా భార్య. ఆడవాళ్ళ వరసలోంచి, మైకు లేకుండా. హాలు చివరి దాకా వినబడింది.

"నావే. షాపుల కూసోని ఏదో జర... కంప్యూటర్ పని..."

మైకు మరిదికి ఉత్సాహం పొంగింది. "బావవి అంట! లక్షాధికారి మేనమామ! మరి మేనకోడలికి ఏం పెడ్తున్నట్టు బావా?"

నేను తెచ్చింది చీర, కాళ్ళకు వెండి గొలుసులు. గంట కింద అవి మైకులో చదివించి మురిసిపోయినవాడిని కూడా నేనే. సావుకారు కూల్‌డ్రింకు పక్కన పెట్టి నోరు విప్పాడు.

"ఏమయ్యా, నాలుగున్నర లక్షలున్న మామవు కాళ్ళకు గొలుసులు తెచ్చినవా? పిల్ల మెడ జూడు, బోసిగున్నది."

జనం నవ్వారు. "అర తులం పెడ్త" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"అర తులం బంగారం! చప్పట్లు!" అన్నాడు మైకు మరిది. కలర్ ప్రింటర్ కోసం నేను దాచుకున్న డబ్బులు ఆ చప్పట్లలో పోయాయి. డోలు మీద మళ్ళీ దెబ్బ పడింది.

వంటల వెనుక, అన్నం గుండిగల మధ్య చెల్లె నన్ను నిలబెట్టింది.

"దాసమన్న గదా అన్నా."

"పైసలు లోపలికే వస్తయి గదా, ఎవ్వలు తీస్కపోలేరు గదా అని..."

"తీస్కపోరు. చూస్తరు. నీ బ్యాంకు స్కానర్ల పేరు కనవడ్తది, పైసలు కనవడయి. దీంట్ల పేరు కనవడది, పైసలన్ని కనవడ్తయి. పేరు తెల్వనంత సేపే దాసినట్టు. నువ్వు పేరు రాసిన బల్ల మీద పెట్టినవ్." ఆమె గొంతు తగ్గింది. "నెమళ్ళు గూడ పెట్టినవ్."

నెమళ్ళ దగ్గర ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. నాకు రెండోదే వచ్చింది.

సాయంత్రానికి కబురు కృష్ణానది దాటింది. రాత్రి కాకముందే బల్మూర్ నుంచి నా బావమరిది ఫోన్ చేశాడు. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నవాడికి గద్వాల హాలులో మైకు ఎట్లా వినబడిందో దేవుడికే తెలియాలి. "బావా, బోరు ఎండిపోయింది, ఇంకోటి ఏపిద్దామనుకుంటున్న, నీకైతే కష్టం గాదు గదా" అన్నాడు. మర్నాడు వనపర్తి బస్సులో కండక్టరు పది రూపాయల చిల్లర ఇవ్వకుండా, "నీకెందుకు సేటూ, నాణేలే నాణేలు గద నీ కాడ" అన్నాడు. బజ్జీల బండివాడు షాపు ముందర నిలబడి, క్రిప్టోకు ఏ మందు కొడితే దిగుబడి ఎక్కువ వస్తుందన్నంత శ్రద్ధగా వివరాలు అడిగాడు. నేను తెలిసినట్టే చెప్పాను. అదీ నా గుణం.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. నా భార్య మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు టీ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి అడిగింది.

"నా పుస్తెలు కుదువ పెట్టి గా లామినేషన్ మిషిన్ తెచ్చినం. గప్పుడు గూడ నీ కాడ పైసలున్నయా?"

లేవు అని చెబితే చెల్లె గుట్టు బయటపడుతుంది. ఉన్నాయి అని చెబితే నా సంసారం. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పే ముందు వాళ్ళను అడగాలన్న ఆలోచన నాకు అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. నా షాపులో జిరాక్సుకు వచ్చిన ప్రతి కాగితం చదివి, ఎవరి భూమి ఎంత, ఎవరి బిడ్డకు ఎన్ని మార్కులు అని సాయంత్రం టీ దగ్గర చెప్పినవాడిని. ఆ రోజు మొదటిసారి బయటికి వెళ్ళి, చెల్లెకు ఫోన్ చేసి అడిగాను.

"మీ వదినకు అసలు సంగతి చెప్పొచ్చా?"

 "ఇప్పుడు అడుగుతున్నవా అన్నా" అంది చెల్లె. "చెప్పు. వదినకు మట్టుకే. ఫ్లెక్సీ కొట్టియ్యకు."

చెప్పాను. నా భార్య అంతా విని, "అంటే మనకు ఏం లేవా?" అంది. నేను డబ్బు దాచినందుకు ఎక్కువ కోపం వచ్చిందో, దాయనందుకు ఎక్కువ వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడగలేదు కూడా.

అంతటితో గండం గడిచిందనుకున్నాను. వారానికి మైకు మరిది ఫోన్ చేశాడు. "బావా, దావత్ ఎప్పుడు? ఇయ్యాల మల్ల పడ్డయి. రెండు వందల డాలర్లు." ఆ అడ్రసు తన ఫోన్లో దాచుకుని పొద్దున్నే వాతావరణం చూసినట్టు చూస్తున్నాడట. అతనే కాదు, ఆ రోజు కట్నాల బల్లను ఫోటో తీసినవాళ్ళు ఇంకా ఎందరో. నా అబద్ధంతో పేరు మారింది, అంతే. కిటికీ తెరిచే ఉంది. పైగా నమూనా పంపిన ప్రతిసారీ రెండు మూడు రోజుల్లో డబ్బులు పడతాయి. చెల్లె ఎప్పుడు ఏం గీస్తుందో తెలిసినవాడు రెంటినీ కలిపి చూడడానికి ఎంతసేపు?

నేను షాపు మూసి గద్వాల బస్సెక్కి పోయి చెప్పాను. చెల్లె అప్పటికే కాగితం, పెన్సిలు ముందర పెట్టుకుని ఉంది. క్రిప్టోకు కొత్త ఖాతా తెరుస్తోంది. ఇకమీద ఒక్కో చెల్లింపుకు ఒక్కో కొత్త అడ్రసు ఇస్తుందట. పంపే ఆమెను కూడా వేరే అడ్రసు నుంచి పంపమని అడిగిందట, లేకపోతే ఆ వైపు నుంచి జాడ పట్టొచ్చు.

"పాత దాంట్ల ఉన్నయన్ని ఈ కొత్త దాంట్లకు మార్చుకో, అయిపాయె" అన్నాను, సలహాదారుడిలా.

"మారిస్తే ఏడికి పోయినయో గూడ కనవడ్తది అన్నా. పాత దాని తోక పట్టుకోని కొత్త దాని ఇంటికొస్తరు." పాతవన్నీ, క్రిప్టో తీసుకుని రూపాయలిచ్చే ఎక్స్ఛేంజిలో తన పేరు మీదున్న ఖాతా నుంచి అమ్మి, పన్ను పోను మిగిలింది బ్యాంకులో వేసుకుంటుందట. పన్ను మాట వినగానే నా మొహం చూసి, "అది కట్టాల్సిందే. దాసుడంటే ఎగ్గొట్టుడు గాదు" అంది.

కొత్త ఖాతాకు పన్నెండు ఇంగ్లీషు మాటలు వస్తాయట. ఫోన్ పోయినా ఆ మాటలుంటే డబ్బులు తిరిగి వస్తాయి. ఆ మాటలు ఇంకొకడి చేతిలో పడితే డబ్బులు వాడివి. వాటిని ఫోటో తీయకూడదు, ఫోన్లో పెట్టకూడదు, కాగితం మీదే రాసి దాచాలి. కాగితం అనగానే నాలోని వ్యాపారి లేచాడు.

"లామినేషన్ చేసిస్త తే. తడిసినా ఖరాబు గాదు."

చెల్లె పెన్సిలు కింద పెట్టింది. "అన్నా, ఇంట్ల పాలు లేవు. తేపో."

పాలున్నాయి. పొయ్యి మీద గిన్నెలో నాకే కనబడుతున్నాయి. అయినా పోయి, వీధి చివర ఇరవై నిమిషాలు నిలబడి, ఇంకో ప్యాకెట్ కొనుక్కుని వచ్చాను. అప్పటికి కాగితం ఎక్కడా కనబడలేదు. ఎక్కడ పెట్టావని అడగలేదు. ఈ మొత్తం కథలో నేను చేసిన మొదటి మంచి పని అదే అనుకుంటాను.

బావ మగ్గానికి ఎక్కించిన పడుగు, అంటే నిలువు నూలు, ఇంకా మూడు చీరలకు సరిపడా మిగిలింది. సావుకారు రోజూ షెడ్డుకు వచ్చి, "మీ బావ సేటు బాగున్నడా?" అని అడిగి పోతున్నాడు. ఆ మూడు చీరలు దిగాక మళ్ళీ నూలు ఇస్తాడన్న నమ్మకం లేదు. ఆలోపు మగ్గం ఇంట్లో ఉండాలి, లేకపోతే ఇంకో జంటకు జరిగింది వీళ్ళకూ జరుగుతుంది. చెల్లె తొందర పడాల్సి వచ్చింది నావల్ల. అందుకని మగ్గం తెచ్చే పని నా మీద వేసుకున్నాను. అమరచింతలో నేత మానేసిన ఒక ముసలాయన పాత మగ్గం అమ్ముతానన్నాడు. నాలుగు ఆదివారాలు పోయి, ఆయన చెప్పినట్టు ఒక్కో కొయ్య విప్పి, ఏది ఎక్కడిదో అంకెలు రాసి కట్టలు కట్టాను. ట్రాలీ ఆటోలో వేసుకుని జూరాల డ్యాం మీదుగా వస్తుంటే, డ్రైవర్ "ఏందన్నా ఇది?" అని అడిగాడు. "కట్టెలు" అన్నాను. ఇంకేమీ అనలేదు. కట్టెల గురించి అంత తక్కువ మాట్లాడడం నాకు ఎంత కష్టమైందో!

చివరి చీర మగ్గం మీంచి కోసిన రోజు చెల్లె తనే సావుకారు దగ్గరికి పోయి, డబ్బులు తనవని, సొంత మగ్గం పెట్టుకుంటున్నామని చెప్పింది. నేను గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. మాట్లాడొద్దని ముందే చెప్పి తెచ్చింది. అయినా ఒక్క మాట నేను చెప్పాల్సి ఉంది. "ఆ రోజు మైకుల అబద్ధం చెప్పిన సావుకారీ, తప్పయింది" అన్నాను.

"నాకు ఆ రోజే తెల్సు" అన్నాడు ఆయన. "అర తులం అన్నప్పుడు నీ మొహం జూసిన. లక్షలున్నోని మొహమా అది? పడుగు దిగేదాంక ఊకున్న, నా చీరలు నాకు గావాలె గదా." మరుసటి రోజు నుంచి బావకు నూలు ఇవ్వలేదు. ఇవ్వడని తెలిసే పోయాం.

మగ్గానికి ఇంట్లో గుంత తవ్వాలి. నేసేవాడు అంచున కూర్చుని కాళ్ళు గుంతలోకి వేలాడదీసి తొక్కుతాడు. కూలీలను పెడదామంటే నేనే తవ్వుతానన్నాను. చేతులు బొబ్బలెక్కాయి. పక్కింటామె గుమ్మంలో నిలబడి, "ఏం దొరికినయన్నా, నాణేలా?" అని అడిగింది. రాళ్ళు దొరికాయని చెప్పాను. ప్రాయశ్చిత్తం బలంగా చేయాలన్న ఉత్సాహంలో సాయంత్రానికి మోకాళ్ళు దాటి తవ్వేశాను. బావ వచ్చి అంచున కూర్చుని కాళ్ళు వదిలాడు. తొక్కుడు చెక్కలకు జానెడు పైనే పాదాలు గాల్లో ఊగుతున్నాయి.

"బావా, నన్ను దీంట్ల నేయమంటున్నవా, బొంద పెడ్తున్నవా?" అన్నాడు.

చెల్లె నవ్వింది. నేను తట్ట తీసుకుని, తవ్వి పోసిన మట్టిలోంచి నాలుగు తట్టలు తిరిగి గుంతలో పోసి, లోపలికి దిగి, బావ పాదాలు అందేదాకా తొక్కుతూ గట్టిచేశాను.